చాంద్యా పేరు చెక్కిన సర్వ

ఆ సాయంత్రం మేడారంలో మా గుడారంలోకి అమ్మ వచ్చిందా, రాలేదా? వచ్చి ఉంటే ఎటువైపు నుంచి వచ్చింది? ఈ సందేహాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. పొద్దున్నే దీపం పెట్టి సమ్మక్క సారలమ్మల పటం ముందు కాసేపు కళ్లు మూసుకుని నిలబడే మనిషిని నేను. దేవతను పరీక్షించేంత చదువు నాకు లేదు, ఆ కోరికా లేదు. కానీ కళ్లు మూసుకున్నప్పుడల్లా నీలం టార్పాలిన్ గోడలు, వాటి మధ్య ఎర్రగా మండే రేకు గొడుగు కనిపిస్తుంటే ఏం చేయను? అమ్మనే అడుగుతాను. అడుగుతూనే ఉన్నాను.

ఆ ఏడు డిసెంబర్‌లో తెలంగాణ ఇస్తున్నామన్న ప్రకటన వచ్చింది. నెల దాటకముందే వెనక్కి పోయింది. జనవరికల్లా జనగామ చౌరస్తాలో దీక్షా శిబిరం వెలిసింది. పూటకొక సంఘం వాళ్లు మెడలో దండలు వేసుకుని పస్తు కూర్చునేవారు. బస్సులు ఏ రోజు తిరుగుతాయో, ఏ రోజు బంద్ పిలుపు వస్తుందో తెలిసేది కాదు. ఆ గందరగోళంలోనే జాతర వచ్చింది.

మా బిడ్డ శృతికి మొదటి కాన్పు నిలవలేదు. మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు నా భార్య ఉపేంద్ర మొక్కుకుంది. బిడ్డ దక్కితే తూకానికి తూకం బెల్లం ఇస్తామని, పుట్టు వెంట్రుకలు జంపన్న వాగు దగ్గరే తీయిస్తామని. మేడారంలో బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. ఆడపిల్ల పుట్టింది. సారక్క అని పిలుచుకున్నాం. ఏడాది నిండకముందే పిల్లకు నిమ్ము చేసి దవాఖానలో ఉంచాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చాక కూడా దగ్గు పూర్తిగా పోలేదు. జాతరేమో నడి చలికాలంలో, అడవిలో, వాగు ఒడ్డున.

"ఈసారి వద్దు, వచ్చే జాతరకు పోదం" అన్నాను నేను.

"వచ్చే జాతరంటే రెండేండ్లు తమ్మీ" అంది మా అక్క సాలమ్మ. భర్త పోయినప్పటి నుంచి ఆమె మాతోనే ఉంటోంది. "అమ్మ బాకీ రెండేండ్లు నెత్తిన పెట్టుకొని తిరుగుతవా? పిల్లకు దగ్గు అందుకే తగ్గుతలేదేమో ఎవలకెరుక?"

ఆ మాటతో ఉపేంద్ర ముఖం పాలిపోయింది. ఇక ఆ ఇంట్లో వద్దన్న మాట నడవలేదు. చలి సంగతి మిగిలింది.

మాకు ఊరి చివర కోడిపిల్లల షెడ్డు ఉంది. కంపెనీ వాళ్లు పుట్టిన రోజే పిల్లల్ని దించిపోతారు, మేం పెంచి ఇస్తాం. చలికాలంలో ఆ పిల్లలు బతికేది గ్యాస్ బ్రూడర్ కింద. రేకుతో చేసిన గొడుగులాంటిది అది. లోపల గ్యాస్ మంట ఉంటుంది, పైపు సిలిండర్‌కు కలిపి ఉంటుంది. ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. అప్పుడు షెడ్డు ఖాళీగా ఉంది, గొడుగులు గోడకు తగిలించి ఉన్నాయి.

"గది పట్కపోదం" అంది ఉపేంద్ర. "వెయ్యి పిల్లలను కాపాడేది మన ఒక్క పిల్లను కాపాడదా?"

నాకూ అది మంచి ఆలోచనే అనిపించింది. చిన్న సిలిండర్ నింపించాను.

గుడారం మాత్రం శిబిరం నుంచి వచ్చింది. శిబిరం నడిపే కొండల్ మా వీధివాడే. జాతరకు పోతున్నామని తెలిసి కొత్త టార్పాలిన్ తెచ్చి, మేం కిరాయికి మాట్లాడుకున్న ట్రాలీలో పడేశాడు.

"అన్నా, ఇది మొన్ననే కొన్నం. చీమ కూడ దూరదు, గాలి కూడ దూరదు. పిల్లకు మంచిగుంటది. మాకు షామియానా చాలు." తర్వాత ఒక బెల్లం ముద్ద చేతిలో పెట్టాడు. "ఇది శిబిరం తరఫున. మా పేర్లన్ని చెప్పకు, అమ్మ పరేషాన్ అయితది. తెలంగాణ అని ఒక్క మాట చెప్పు, చాలు."

గాలి కూడా దూరదు అన్నాడు. ఆ మాట విని సంతోషపడ్డాం.

భూపాలపల్లిలో శృతినీ పిల్లనూ ఎక్కించుకోవాలి. మా అల్లుడు కరుణాకర్ బొగ్గు గనుల ఆఫీసులో గుమాస్తా. కార్మికుల క్వార్టర్స్ ముందు అక్కడా శిబిరం ఉంది. మేం వెళ్లేసరికి అందులోనే ఉన్నాడు. మరునాడు గురువారం వాళ్ల ఆఫీసు వంతు. తాను దీక్షలో కూర్చుని, శుక్రవారం పొద్దున మేడారం వస్తానన్నాడు.

ట్రాలీలో బ్రూడర్ చూసి ఆగిపోయాడు.

"మామా, ఇది కోళ్ల ఫారంది గాదె?"

"అవు బిడ్డా. చలికి."

"నా బిడ్డ కోడిపిల్లనా మామా?" నవ్వాడు గానీ కళ్లలో నవ్వు లేదు. "గుడారంల మంట ఎందుకే? బట్టలున్నయి, ఆడోళ్ల చీరలున్నయి. అంటుకుంటే?"

"అంటుకోకుంట పైకి కడుత. సిలిండర్ బయట పెడుత. నాకు ఎరుకే, పదేండ్ల సంది జేస్తున్న పని."

"నువ్వు రారాదు మరి?" అంది శృతి మధ్యలో. "రేపటి వంతు ఇంకొకలు కూసోరా? నీ పేరు లేకుంటె తెలంగాణ ఆగుతదా?"

"అందరు గట్లనే అనుకుంటె శిబిరం ఖాళీ అయితది శృతీ."

ఆమె పిల్లను గట్టిగా చుట్టుకుని ట్రాలీ ఎక్కింది. కరుణాకర్ తన మెడలోని మఫ్లర్ తీసి పిల్ల తలకు చుట్టాడు. ట్రాలీ కదిలాక వెనక్కి చూశాను. శిబిరంలోకి పోకుండా రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. అతను మంటకు భయపడ్డాడు. నేనూ మంట గురించే జాగ్రత్త పడ్డాను. ఇద్దరం చూడాల్సిన దాన్ని చూడలేదు.

అడవి దారిన మేడారం చేరాం. ట్రాలీ వాడు మమ్మల్ని దించి, శనివారం వస్తానని వెళ్లిపోయాడు. ఎటు చూసినా గుడారాలే. జనం పాత చీరలు, దుప్పట్లు, చెట్ల కొమ్మలతో కట్టుకున్నవి. గాలి వస్తే అవి అన్ని వైపులా ఎగిరేవి. వాటి మధ్య మాది నీలంగా, బిగువుగా నిలబడింది. అంచుల చుట్టూ ఇసుక పోసి తొక్కాం. సాలమ్మ అక్క దూరంగా నిలబడి చూసి మురిసిపోయింది.

"ఇల్లే కట్టినవు గదనే తమ్మీ!"

బ్రూడర్‌ను మధ్య గుంజకు ఎత్తుగా కట్టాను. పైపును అంచు కింది నుంచి తీసి సిలిండర్‌ను బయట ఇసుకలో కూర్చోబెట్టాను. షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పొద్దుగూకగానే పరదాలు దించుతాం గానీ పైన జానెడు సందు వదులుతాం. ఆ సందు మూసుకుపోతే పిల్లలు మంటకు దూరంగా పోయి నోళ్లు తెరుచుకుని పడి ఉంటాయి. అలవాటు కొద్దీ గుడారం ముందు పైమూలన కూడా జానెడు సందు వదిలాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

గురువారం పొద్దున పిల్లకు నీళ్లు కాచాలంటే మా దగ్గర పెద్ద గిన్నె లేదు. దాన్ని ఇంట్లోనే మరిచి వచ్చింది ఉపేంద్ర. పక్కన చీరలతో కట్టిన గుడారంలో ఒక లంబాడా కుటుంబం ఉంది. ఆమె పేరు కమ్లి, ఆయన చాంద్యా. మానుకోట పక్క తండా అన్నారు. మహబూబాబాద్‌ను మా వైపు అందరం మానుకోట అనే అంటాం. వాళ్ల సిల్వర్ సర్వ పొయ్యి పక్కన బోర్లించి ఉంది. ఆరుగురికి అన్నం ఉడికేంత పెద్దది. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా 'భూక్య చాంద్యా' అని చెక్కించి ఉంది.

"జర సర్వ ఇస్తవా చెల్లే? పిల్లకు నీళ్లు కాగబెట్టి ఇచ్చేస్త" అంది ఉపేంద్ర.

కమ్లి ముందు పిల్లను చూసింది, తర్వాత సర్వను. "ఇస్త గాని అక్కా, మాకు గిదొక్కటే ఉన్నది. పొద్దుమీకి కోడిని కోసి వండాలె. అమ్మ గద్దెకు వచ్చేయాల్లకు అన్నం ముట్టొద్దు, వచ్చినంక తినాలె. యాదికుంటదా?"

"ఉంటది, ఉంటది."

ఉండలేదు. నీళ్లు కాచారు, పిల్లకు పోశారు, తడి తుడిచి సర్వలో పిల్ల ఆరిన బట్టలు మడిచి పెట్టారు. నేను బెల్లం తూకం కోసం, క్షురకుడి కోసం వాగు వైపు వెళ్లాను. ఎక్కడ చూసినా వరుసలే. వెంట్రుకలు రేపే అన్నారు. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది.

ఆ సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చి జాతర నడుమ గద్దె మీద నిలుపుతారు. మా చుట్టుపక్కల గుడారాలన్నీ ఖాళీ అయ్యాయి. జనమంతా అమ్మకు ఎదురెళ్లి ఎగరేసే ఎదురుకోళ్లు పట్టుకుని దారి మీదకు ఉరికారు. మధ్య మధ్య జై తెలంగాణ అని ఒక గుంపు అరిస్తే, అమ్మకు జై అని ఇంకో గుంపు అందుకుంటోంది. పిల్లకు చలి తగులుతుందని మా ఆడవాళ్లు మాత్రం కదల్లేదు.

గుడారం దగ్గరికి వచ్చేసరికి ముందు పరదా లోపలి నుంచి కట్టేసి ఉంది. నేను వదిలిన సందులో ఎవరో తువ్వాల కుక్కారు.

"అక్కా!"

"మెల్లగ రా తమ్మీ, చెప్పులు ఇడిచి రా" అంది సాలమ్మ అక్క. పరదా ముడి విప్పి, నేను లోపలికి వంగగానే మళ్లీ కట్టేసింది. గొంతు మారిపోయి ఉంది. "ఉపేంద్ర మీదికి అమ్మ వచ్చింది."

లోపల వేడి. సాంబ్రాణి పొగ. రేకు గొడుగు ఎర్రగా మండుతోంది. ఉపేంద్ర మోకాళ్ల మీద కూర్చుని ఊగుతోంది. తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలుతోంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. నోటి పక్క నుంచి చొంగ కారుతోంది. ముందర పసుపు, కుంకుమ, శిబిరం వాళ్ల బెల్లం ముద్ద పెట్టి ఉన్నాయి.

"పొద్దటి సంది నెత్తి నొస్తాందన్నది. ఒక్కసారి వాంతి చేసుకున్నది" అంది అక్క. "అగో, గుట్ట కాడ తుపాకి పేలింది సూడు, అమ్మ బయలెల్లిందని? సరిగ్గ అప్పుడే ఊగుడు మొదలువెట్టింది. కండ్లార జూసిన తమ్మీ. మా ఇంటికి వచ్చింది అమ్మ, మా ఇంటికి!" ఆమె ఏడుస్తోంది.

సమ్మక్క గుట్ట దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం చెబుతారు. ఆ చప్పుడు దారిలో నేనూ విన్నాను. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. మోకాళ్ల మీద కూలబడ్డాను.

శృతి ఒక మూల బొంతకు ఒరిగి ఉంది, పిల్ల ఒడిలో. "బాపూ, సందులకెళ్లి గాలి కొడ్తాందని తువ్వాల పెట్టిన... పిల్ల దగ్గుతుండె... ఇప్పుడు దగ్గుతలేదు" అంది. నిద్రలో మాట్లాడినట్టు అంది.

పిల్ల దగ్గడం లేదు. అవును. నోరు తెరిచి ఉంది. బుగ్గలు ఎర్రగా, బొమ్మలా ఉన్నాయి. మఫ్లర్ జారి మెడ మీదికి వచ్చింది.

ఆ నోరు ఎక్కడో చూశాను అనుకున్నాను. తువ్వాల వైపు చూశాను. తీయాలి అనుకున్నాను. కానీ అమ్మ ముందు కూర్చున్నాను కదా, అమ్మ ముందు నుంచి లేచి గుడ్డలు లాగుతారా అనిపించింది. ఆ ఆలోచన తెగేలోపల కణతల దగ్గర నొప్పి మొదలైంది. కాళ్లు నావి కానట్టు బరువెక్కాయి. అమ్మా, నా పిల్లను సూడు అని మొక్కుకుంటున్నాను. మొక్కు మాటలు కూడా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

అప్పుడు బయట ఎవరో గట్టిగా కేకేశారు.

"ఓ అక్కా! నా సర్వ ఏది?"

ఎవరం పలకలేదు.

"పొద్దుగాల పట్కపోతివి, పొద్దుమీకింది! అమ్మ గద్దె ఎక్కుతాంది, నా పిల్లలు ఆకలికి ఏడుస్తాండ్రు. సర్వ ఇయ్యి!"

సాలమ్మ అక్క కూర్చున్నచోటి నుంచే కసిరింది. "పో ఆవలికి! లోపల అమ్మ వచ్చింది."

"అమ్మ గద్దెల కాడికి వస్తాంది, మీ గుడారంలకు గాదు" అంది కమ్లి. "నా సర్వ నాకిచ్చి అమ్మతోని ఎంతసేపన్న మాట్లాడుండ్రి. ఇస్తవా, నేనే రావాల్నా?"

అక్క పరదా ముడి దగ్గరికి జరగబోయి పక్కకు వాలిపోయింది. లోపలి నుంచి జవాబు లేకపోయేసరికి కమ్లికి కోపం ముదిరింది. ఇసుకలో కొట్టిన మేకును పట్టుకుని ఊపి పెరికేసింది. ఒక మేకు ఊడగానే ఆ వైపు టార్పాలిన్ గాలికి ఫట్‌మని లేచింది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. అంత చల్లటి గాలిని నేను అంతకు ముందూ తర్వాతా పీల్చలేదు.

కమ్లి సర్వ కోసం లోపలికి వంగింది. సర్వ వైపు చెయ్యి చాచి, పిల్లను చూసి ఆగింది.

"యాడీ!" అని తన భాషలో అమ్మను పిలిచింది. చాచిన చెయ్యి సర్వను వదిలి పిల్లను ఎత్తుకుంది. "పిల్ల మెత్తగైంది! ఓ చాంద్యా! ఉరికి రా!"

ఆ తర్వాత ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చాంద్యా, ఇంకెవరో మమ్మల్ని చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చారు. ఎవరో సిలిండర్ ఆపేశారు. నేను ఇసుకలో నాలుగు కాళ్ల మీద ఉండి కమ్లి చేతుల వైపు చూస్తున్నాను. ఆమె పిల్లను గాలికి ఎదురుగా పట్టుకుని వీపు తడుతోంది, ముఖం మీద ఊదుతోంది. దారి మీద డోళ్లు మోగుతున్నాయి. లక్షల మంది ఒక్కసారిగా అమ్మా అని అరుస్తున్నారు. ఆ అరుపుల కింద ఒక చిన్న దగ్గు వినిపించింది.

తర్వాత ఏడుపు.

జాతర కోసం పెట్టిన వైద్య శిబిరంలో పిల్లకూ శృతికీ ఉపేంద్రకూ ఆక్సిజన్ పెట్టారు. డాక్టర్ చిన్న వయసువాడు, రాత్రిళ్లు నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లోపల ఏం వెలిగించిండ్రు?"

"అమ్మ వచ్చింది సారూ" అంది సాలమ్మ అక్క.

అతను వెక్కిరించలేదు. "వచ్చింది సరే అవ్వా. లోపల ఏం కాలుతుండె?"

నేను చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. మూసిన చోట మంట ఉన్న గాలిని తినేస్తుందని, ఆ తర్వాత విషపు గాలిని వదులుతుందని చెప్పాడు. దానికి వాసన ఉండదు, కంటికి కనబడదు. సిలిండర్ బయట ఉన్నా లాభం లేదు, మంట లోపల ఉంది కదా అన్నాడు. మొదట తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత తూలడం, మత్తు. చిన్నపిల్లలకు అందరికన్నా ముందు. "ఇంకొంచెంసేపు అట్లనే ఉంటే..." అని ఆపేశాడు. "చలైతే దుప్పట్లు కప్పుండ్రి. మంట బయట పెట్టుకొని కాపుకోండ్రి. గుడారంల గ్యాస్ గాని, బొగ్గుల కుంపటి గాని, ఏదీ వద్దు."

అంబులెన్సులో వరంగల్ పెద్ద దవాఖానకు పంపారు. మూటలన్నీ ఎవరో మా వెంట ఎక్కించారు.

తెల్లవారేసరికి కరుణాకర్ వచ్చాడు. దీక్ష దండ మెడలోనే ఉంది. నన్ను తిడతాడని ఎదురు చూశాను. తిట్టలేదు. పిల్ల మంచం పక్కన నిలబడి దాని అరికాలు తాకి చూశాడు. పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. అప్పుడు బయటికి పోయి వరండాలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటికి తిరిగి వచ్చాడు.

"మామా, నువ్వు తిన్నవా?" అన్నాడు. అంతే.

ఆ మొక్కు ఆ జాతరలో తీరలేదు.

జనగామకు వచ్చాక టార్పాలిన్ ఉతికి శిబిరానికి ఇచ్చేశాను. ఊడిన కొక్కెం ఒకటి కుట్టించాను. అప్పటికే కథ మాకంటే ముందు ఊరు చేరింది. సాలమ్మ అక్క చెప్పిన కథ. ఉపేంద్ర మీదికి అమ్మ వచ్చిందని. శుక్రవారాలు ఆడవాళ్లు నిమ్మకాయలు, కొబ్బరికాయలు పట్టుకుని మా గడపలోకి వచ్చేవారు. కొండల్ కూడా వచ్చాడు.

"వదినె, అమ్మ ఏమన్నది? తెలంగాణ వస్తదా, రాదా?"

"నాకేం యాదికి లేదు కొండల్" అంది ఉపేంద్ర. "నెత్తి నొచ్చింది, వాంతయింది. అమ్మ ఏమన్న జెప్తె నేను వినలే."

"గట్ల కాదు వదినె, జర యాది తెచ్చుకో. శిబిరంల అందరు అడుగుతాండ్రు."

"గాలి ఆడేటట్టు కూసోమన్నదని చెప్పు, పో."

కొండల్ దాన్ని నిజంగానే శిబిరంలో చెప్పాడట. మరునాటి నుంచి షామియానా రెండు వైపులా ఎత్తి కట్టారట.

నవ్వుకున్నాం గానీ, ఇంట్లో ఒకటి మారిపోయింది. శృతి పండుగకు వచ్చినా పబ్బానికి వచ్చినా పొద్దుగూకే బస్సుకు పిల్లతో వెళ్లిపోయేది. ఉండమని ఉపేంద్ర రెండుసార్లు అడిగింది. "పిల్లకు కొత్త చోట నిద్ర పట్టదే అమ్మా" అంది శృతి. మా ఇల్లు పిల్లకు కొత్త చోటు ఎప్పుడైందని ఎవరం అడగలేదు. పిల్ల ఎప్పుడైనా మా ఇంట్లో ఒక రాత్రి నిద్రపోతుందా అన్నదొక్కటే నాకూ ఉపేంద్రకూ మిగిలిన కోరిక.

మూటలు విప్పినప్పుడు పిల్ల బట్టల అడుగున సర్వ దొరికింది. అంబులెన్సులో ఎక్కడో తగిలి పక్కకు సొట్ట పడింది. మెడ మీద చాంద్యా పేరు అలాగే ఉంది. ఆ రాత్రి వాళ్లు దేంట్లో వండుకున్నారో అని ఉపేంద్ర నోట్లో ముద్ద పెట్టుకోలేకపోయింది. దాన్ని మా ఇంట్లో ఎన్నడూ పొయ్యి మీద పెట్టలేదు. తోమి, పటాల గూటి కింద బోర్లించాం. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి ఇచ్చే రోజున ఏం నింపాలో కూడా ఉపేంద్ర అనుకుని పెట్టుకుంది.

తర్వాతి జాతరకు కరుణాకర్ సరేనన్నాడు గానీ, పొద్దున పోయి పొద్దుగూకకముందే వచ్చేయాలన్నాడు. పిల్ల వెంట్రుకలు తీయించాం, తూకానికి తూకం బంగారం ఇచ్చాం. అమ్మ బాకీ తీరింది. సర్వ చంకన పెట్టుకుని లంబాడా గుడారాల మధ్య తిరిగాను. మానుకోట చుట్టూ ఎన్ని తండాలో, ప్రతి తండాలో ఎందరు చాంద్యాలో అప్పుడే తెలిసింది. కమ్లి దొరకలేదు. అమ్మ బాకీ కన్నా ఆ బాకీ నన్ను ఎక్కువ తొలిచింది.

ఆ పై జాతరలో ఒక ముసలాయన సర్వ మెడ మీద వేలు పెట్టి చదివి, "వీడు మా బామ్మర్ది" అన్నాడు.

జాతర ముగిసిన కొద్దిరోజులకే రాష్ట్రం బిల్లు పార్లమెంటులో గట్టెక్కింది. నేను మానుకోటకు బయలుదేరబోతుంటే శృతి ఫోన్ చేసింది. కరుణాకర్ పిల్లను తెచ్చి జనగామలో దించుతాడట. సారక్కను కూడా తీసుకుపోవాలట.

"పొద్దుమీకుతది గదా బిడ్డా, వచ్చేసరికి?" అన్నాను.

"మీ ఇంట్లనే పండుకుంటది తీ బాపూ" అంది.

ప్యాసింజర్ బండిలో పోయాం. మానుకోట స్టేషన్ బయట రోడ్డంతా గులాల్ చల్లి ఉంది. సారక్క సర్వను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. దాని నిండా మేడారం బంగారం. ఉపేంద్ర స్వయంగా నింపి, పైన గుడ్డ కట్టింది.

తండాలో ఇంటి ముందర మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కమ్లి వాటిని కాలితో తిరగేస్తోంది. మమ్మల్ని చూసింది, గుర్తు పట్టలేదు. సర్వను చూసింది, పట్టింది.

"నాలుగేండ్లకా అన్నా!" అంది. "ఆ పొద్దు తపేలల సగం సగం ఉడకబెట్టుకొని తిన్నం తెలుసా? మా ఆయన ఇప్పటికి తిడుతడు."

సర్వ అందుకుని తిప్పి చూసింది. "గీ సొట్ట లేకుండె."

"లేకుండె. మావల్లనే అయింది."

అప్పుడు గుడ్డ విప్పి బెల్లం చూసింది. నా వెనక నిలబడ్డ పిల్లను చూసింది. తర్వాత వంగి పిల్ల బుగ్గను వేళ్లతో తాకింది. "ఇదేనా?"

"ఇదే."

ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట అప్పుడు అడిగాను. "కమ్లీ, ఆ పొద్దు అందరు అమ్మను చూడ పోయిండ్రు. నువ్వెందుకు పోలే? మా గుడారం కాడికే ఎందుకొచ్చినవ్?"

ఆమె నన్ను వింతగా చూసింది. "సర్వ కోసం. ఇంకెందుకస్త?"

"ఇంకేం లేదా?"

"పిల్లలు ఏడుస్తుండ్రి అన్నా. కోపమొచ్చింది. వచ్చిన."

అంతకంటే ఆమె చెప్పలేదు. అంతకంటే నేనూ అడగలేదు.

పొద్దు దిగుతోంది, చలి మొదలైంది. కమ్లి బెల్లాన్ని చాటలోకి ఒంపి, ఒక ముక్క కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. సర్వ కడిగి, నీళ్లు పోసి, వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెట్టింది. చాయ్ పెడతానంది. సర్వ సొట్ట వైపు కొంచెం ఒరిగితే, చిన్న రాయి దోపి సరిచేసింది.

"దగ్గరికి రా బిడ్డా, కాపుకో" అంది.

సారక్క నా వైపు చూసింది. మంటల దగ్గరికి పోవద్దని దాని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో.

పైకి చూశాను. పొయ్యి మీద కప్పు లేదు, నాలుగు వైపులా గోడ లేదు. పొగ నిటారుగా లేచి పోతోంది.

"పో బిడ్డా" అన్నాను. "కూసో."